కవ్వళ్లన్నీ ఒకటి కావు

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం తీరానికి వెళ్తే గోపాలపూర్, ఆర్యపల్లి రేవుల్లో వినిపించేది మన తెలుగే. ఒడ్డున గుమ్మరించిన బుట్టలో రెండు మూడు జాతుల చేపలున్నా పేరు ఒకటే, కవ్వళ్లు (సార్డిన్లు). అమ్మకానికి ఆ పేరు సరిపోతుంది. రేవులో పడే చేపలను రోజూ పుస్తకంలో రాసి, ఏ చేప ఎటు జరుగుతోందో తేల్చడానికి సరిపోదు.

నూనె కవ్వళ్లు (ఆయిల్ సార్డిన్) ఒకప్పుడు మలబారు చేప. 1980ల దాకా దేశంలో పడిందంతా దాదాపు కేరళ, కర్ణాటక తీరాలదే. ఆ తర్వాత తమిళనాడు, ఆంధ్ర మీదుగా పైకి పాకింది. కేరళలో 2021లో 3,297 టన్నులే పడ్డాయి కదా, అక్కడివే ఇటొచ్చాయి అంటుంటారు. ఆ లెక్క కుదరదు. కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడేనాటికే ఈ చేప తూర్పు తీరంలో ఉంది.

గుర్తుపట్టాలంటే పొట్ట కింది రెక్కను తడిపి, గుండుసూదితో విప్పి పుల్లలు లెక్కపెట్టాలి. నూనె కవ్వళ్లకు 9, మన మామూలు కవ్వళ్లకు 8. మొదటి పుల్ల చీలదు, పక్కదానికి అంటుకుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే 9 కాస్తా 8 అవుతుంది, జాతే మారిపోతుంది! తల పొడవు ఒంటి వెడల్పు కంటే ఎక్కువుండటం రెండో గుర్తు. గుడ్డు మీదున్న చేపకూ, ఐసు కింద నలిగిన చేపకూ ఈ కొలత పనికిరాదు.

ఒక నెల లెక్కను పోల్చేది ఎప్పుడూ వేరే ఏటి అదే నెలతో. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట నీరు ఉత్తరానికి పోతుంది, నవంబరులో దక్షిణానికి. మార్చిలో కనబడి నవంబరులో లేకపోతే అది రుతువు పని కావచ్చు. వల కన్ను ఎంతో కూడా రాయాలి, కన్ను మారితే పడే చేపా మారుతుంది. చేప పడని రోజున సున్నా వేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. పుస్తకంలో వాటి గడి ఆ రోజుల్లో ఖాళీగానే ఉండాలి, సున్నా కాదు.

కానాగంతల (మాకెరెల్) సంగతి వేరు. స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో విని 1803లో అచ్చువేసిన ‘కనగుర్త’ అన్న తెలుగు మాటే దాని శాస్త్రీయ నామంలో ఉంది. అంటే ఇది ఇక్కడికి కొత్త కాదు. నీరు వేడెక్కిన కొద్దీ లోతుకు దిగుతోంది. పైపైన తిరిగే ఈ చేప సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలల్లో మునుపటికంటే ఎక్కువ పడుతోంది. పైగా బంగాళాఖాతానికి 22 డిగ్రీల దగ్గర నేల అడ్డం, ఉత్తరానికి పోవడానికి దారి లేదు. రేవు పేరొక్కటే రాస్తే ఈ కదలిక పుస్తకంలో కనబడదు. ఎన్ని బారల లోతున పడిందో దాని పక్కనే రాయాలి.