ఇంప్లోర్, ఎంట్రీట్, బిసీచ్: నేను మార్కులు పోగొట్టుకున్న చోటు

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షలకి ఇంగ్లీషు. మా వైపు ప్రిపేరయ్యే వాళ్లందరిదీ ఇదే పరిస్థితి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి అంచె, టైర్-1లో 100 ప్రశ్నలకి 25 ఇంగ్లీషువి. ఒక్కోటి 2 మార్కులు, తప్పైతే అర మార్కు కోత. మొదటి ఏడాది నేను 'ఎంట్రీట్, ఇంప్లోర్, బిసీచ్, సప్లికేట్: వేడుకొను' అని ఒక్క లైన్లో రాసుకుని బట్టీ పట్టాను. మాక్ టెస్టులో ఎంట్రీటీ అర్థం అడిగితే 'ఒప్పందం' పెట్టేశాను. ట్రీటీ అంటే ఒప్పందమని తెలుసు, ఇదీ దానికి దగ్గరదే అనుకున్నాను. రెండింటికీ మూలం ఒకటే, కానీ ఎంట్రీటీ అంటే వేడుకోలు.

ఆ తర్వాత ఒక పరీక్షకి వెళ్లాను. రిపోర్టింగ్ టైమ్ దాటాక గేటు వేసేశారు. ఒక పెద్దాయన కూతుర్ని పక్కన పెట్టుకుని ఊచల్లోంచి రెండు చేతులూ లోపలికి చాపారు. "బాబూ, బస్సు ఆగిపోయింది బాబూ, ఒక్క నిమిషం" అని తెలుగులో, మళ్లీ ఒడియాలో. గొంతు పూడుకుపోయింది. ఆ అమ్మాయి హాల్ టికెట్ ఛాతీకి అదుముకుని నేలచూపులు చూస్తోంది. గేటు తీయలేదు.

ఇంప్లోర్‌లో ఉన్న లాటిన్ మాటకి అర్థం ఏడవడం అని తర్వాత చదివాను. ఆ రోజు చూసింది అదే. ఇక మర్చిపోలేదు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసింది మా ఊళ్లోనే. సవర భాషని సవరల దగ్గరే నేర్చుకున్నారాయన. నేనూ జాబితా పక్కన పెట్టి, మనం ఎలా ఎలా బతిమాలతామో చెప్పమని అమ్మనే అడిగాను. గడ్డం పట్టుకుని బతిమాలడం, కాళ్లావేళ్లా పడడం, మొరపెట్టుకోవడం అంది. గడ్డం పట్టుకుని ఒప్పించబోవడం ఎంట్రీట్. మోకరిల్లినంత పనిచేసి, దేవుడినో అధికారం ఉన్నవాళ్లనో అర్థించడం సప్లికేట్. బిసీచ్‌లో సీక్, అంటే వెతకడం, కోరడం, దాగి ఉంది. కాస్త పాతకాలపు మాట, ప్రార్థనల్లో ఎక్కువ కనిపిస్తుంది. దాని భూతకాలం బిసాట్, బిసీచ్డ్ కూడా తప్పు కాదు.

అసలు మార్కులు పోయేది ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టుకునే ప్రశ్నల్లో. 'ఆయన్ని బతిమాలాను' అంటాం, 'ఆయనకి మొరపెట్టుకున్నాను' అంటాం. ఈ 'కి' మనసులో ఉంటే 'ఇంప్లోర్డ్ టు హిమ్' సరైనదే అనిపిస్తుంది. ఒడియాలో చదువుకున్న మనకి ఇంకా కష్టం, అక్కడ 'ని'కీ 'కి'కీ 'కు' ఒక్కటే. ఇంప్లోర్, ఎంట్రీట్, బిసీచ్ మూడింటికీ మన బతిమాలడంలాగే మనిషి నేరుగా వస్తాడు: 'ఐ ఇంప్లోర్డ్ హిమ్ టు ఓపెన్ ద గేట్'. ఇలాంటి అర్థమే ఉన్న ప్లీడ్‌కి మాత్రం మనిషి ముందు విత్ కావాలి: 'ఐ ప్లీడెడ్ విత్ హిమ్'. అపీల్‌కి టు కావాలి. ఈ మూడు రకాలూ ఒకే పేజీలో, ఒక్కోదానికి మీ సొంత వాక్యంతో రాసుకోండి. నేను మూడింటికీ ఆ గేటు వాక్యమే రాసుకున్నాను.