స్ట్రాటస్ మబ్బు, డీజిల్ క్యాను

మా పాప ఎనిమిదో తరగతి. మొన్న సైన్స్ పరీక్షకి మబ్బులు, శిలాజ ఇంధనాలు రెండు పాఠాలూ కలిపి ఇచ్చారు. "దానికీ దీనికీ ఏం సంబంధం నాన్నా" అని విసుక్కుంది. నెల్లూరు జిల్లా విడవలూరు పక్కన రొయ్యల గుంటలు చేసే నాకూ అప్పటికి ఏమీ తోచలేదు.

పుస్తకంలో క్యుములోనింబస్‌కి పెద్ద బొమ్మ ఉంది. పది కిలోమీటర్లు దాటి ఎదిగే మబ్బు, ఉరుములు, మెరుపులు. స్ట్రాటస్‌కి మాత్రం రెండే లైన్లు: బూడిద రంగు పొర, చిరుజల్లు పడొచ్చు. చదివి ఒళ్లు మండింది. ఉరుముల మబ్బు గంటో రెండు గంటలో గోల చేసి పోతుంది. మాకు నిద్ర లేకుండా చేసేది ఈ చప్పుడు లేని మబ్బే. కార్తీకంలో మోడం పట్టిందంటే రెండు మూడు రోజులు ఎండ ఉండదు. గుంటలో నీళ్లని పచ్చగా ఉంచే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే, కంటికి ఆనని జీవులు) ఎండ ఉంటేనే ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే రొయ్యలతో పాటు అదీ పీల్చుకునేదే. తెల్లవారుజాముకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలతాయి. అది చూసినవాడికి తెలుస్తుంది టెన్షన్ అంటే.

శనివారం రాత్రి అదే మోడం, పైగా కరెంటు పోయింది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే అంతే, జనరేటర్ వేశా. (కరెంటు ఉన్నా చాలావరకు బొగ్గుదేలెండి, మా జిల్లాలోనే నేలటూరులో థర్మల్ కేంద్రం ఉంది.) పాప టార్చి పట్టుకుని వెంట వచ్చింది. 1802లో లూక్ హోవర్డ్ అనే లండన్ మందుల వ్యాపారి మబ్బులకి లాటిన్ పేర్లు పెట్టాడనీ, క్యుములస్ అంటే కుప్ప, స్ట్రాటస్ అంటే పరిచినదనీ చెప్పా. "అయితే వడ్ల కుప్ప, ఆరబోసిన వడ్లు" అంది. నాకు ఈ పోలిక తట్టలేదు.

డీజిల్ పోస్తుంటే చమురు సంగతి వచ్చింది. అదీ ప్లాంక్టనే. చచ్చి సముద్రం అడుక్కి చేరి, అక్కడ ఆక్సిజన్ లేక పూర్తిగా కుళ్లకుండా మట్టి కింద కోట్ల ఏళ్లు ఉడికింది.

"ఆక్సిజన్ లేనిచోట పుట్టినదాన్ని కాల్చి గుంటకి ఆక్సిజన్ పెడుతున్నామా?"

అవునని చెప్పా. 20 లీటర్ల క్యాను తెల్లారేసరికి ఖాళీ. లీటరు కాలిస్తే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందంటే నమ్మలేదు. లీటరు డీజిల్ కిలో కూడా తూగదు కదా అని వాదన. డీజిల్‌లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుందని చెప్పాక, టార్చి వెలుగులో లెక్క వేసి, ఆ రాత్రికి 54 కిలోలని తేల్చింది.

ఏడింటికి కరెంటు వచ్చింది. మబ్బు విడవలేదు, మేత సగానికి తగ్గించా.

పరీక్షలో స్ట్రాటస్ మీద రెండు మార్కుల ప్రశ్నకి పేజీన్నర రాసిందంట. క్యుములోనింబస్ బొమ్మకి టైం చాల్లేదు.