పాలకుల నేరానికి ప్రజలకు శిక్షా?

యుద్ధకాలంలో ప్రభుత్వం చేసిన ఘోరాలకు ఆ గడ్డ మీది సామాన్యులను కూడా దండించాలా అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి వరంగల్ వాళ్లం దూరదేశాల దాకా పోనక్కర్లేదు, 1948 చాలు. ఒకప్పటి మా జిల్లాలోని బైరాన్‌పల్లిలో ఆ ఏడాది ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు కలిసి ఊరి మీద పడ్డప్పుడు జనం ఎక్కి ఎదురు నిలిచిన బురుజు నేటికీ ఉంది. దాని కింద నిలబడితే ఎవరికైనా రక్తం మరుగుతుంది. అయితే ఆ కోపం ఎవరి మీదికి పోవాలన్నదే చిక్కు.

సెప్టెంబరులో భారత సైన్యం జరిపిన పోలీసు చర్యతో హైదరాబాద్ సంస్థానం లొంగిపోయాక ప్రతీకారం, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాల మీద విరుచుకుపడింది. భారత ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, ఎంత తగ్గించి చూసినా, సంస్థానమంతటా మృతులు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా వేసింది. మరి గద్దె మీదివాళ్లు? నిజాం ప్రధాని లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి అక్కడికే పోయాడు. నిజాం రాజప్రముఖ్, అంటే రాష్ట్రానికి రాజ్యాంగ అధినేత, అయ్యారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

మతాన్ని బట్టి నేరం అంటగడితే, రజాకార్లను తన ఇమ్రోజ్ పత్రికలో ఎండగట్టినందుకు ఆ ఆగస్టులోనే చెయ్యి నరికించుకుని ప్రాణాలు విడిచిన షోయబుల్లా ఖాన్‌ను ఏ పక్షాన లెక్కవేస్తాం? రజాకార్ల అండ చూసుకుని ఊళ్లను పీడించిన దొరల్లో హిందువులు లేరా? విసునూరు దేశ్‌ముఖ్ పేరు జనగామ పల్లెలు ఇంకా మరచిపోలేదు.

నిజాం పాలనలో ప్రజలకు ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కు లేదు, ఓటు వేసి ఎన్నుకున్నచోట సంగతేమిటని అడగవచ్చు. అక్కడా చంపినవాడిని, చంపించినవాడిని, దోచుకున్నవాడిని విడివిడిగా బోనెక్కించాలి తప్ప, ఓటు వేసినందుకో పన్ను కట్టినందుకో ఎవరినీ దండించకూడదు. చెయ్యని నేరానికి శిక్ష కూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 33వ అధికరణం స్పష్టంగానే చెబుతోంది. నష్టపరిహారం వేరు. 1952 ఒప్పందం ప్రకారం పశ్చిమ జర్మనీ ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు ఆ భారం హిట్లర్‌ను ఎదిరించినవారి పన్నుల మీదా పడింది; అది నాకు న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే అది అప్పు తీర్చడమే గాని ఎవరినీ నేరస్థులని ముద్రవేయడం కాదు.

జరిగినదాన్ని ఒప్పుకోవడం కూడా అలాంటి బాకీయే. సెప్టెంబరు 17ను విమోచన దినమనాలా, విలీన దినమనాలా అని హనుమకొండలో ఏటా గొంతు చించుకుంటాం గాని, ఆ వేదికల మీద సుందర్‌లాల్ నివేదిక ఊసెత్తినవారిని నేను చూసింది తక్కువ.