స్క్రామ్‌జెట్‌తో కక్ష్యలోకి? ముందు ఈ లెక్క వేయండి

విజయవాడ, గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల సెమినార్‌కి స్క్రామ్‌జెట్ (ధ్వని కంటే వేగంగా లోపలికి దూసుకొచ్చే గాలిలోనే ఇంధనం మండించే ఇంజిన్) టాపిక్ ఎంచుకున్నవాళ్ల మొదటి స్లైడ్ సాధారణంగా ఇదే: "రాకెట్ బరువులో ఎక్కువ భాగం ఆక్సిజనే. దాన్ని గాలిలోంచి తీసుకుంటే అంతరిక్ష ప్రయాణం చవకవుతుంది." మొదటి మాట నిజమే. హైడ్రోజన్ రాకెట్‌లో కిలో ఇంధనానికి దాదాపు 6 కిలోల ద్రవ ఆక్సిజన్ మోస్తారు. చిక్కంతా రెండో మాటతోనే.

30 కిలోమీటర్ల ఎత్తులో మాక్ 6 (ధ్వని వేగానికి 6 రెట్లు) అంటే సెకనుకి 1.8 కి.మీ. బెంజి సర్కిల్ నుంచి గుంటూరుకి దాదాపు 20 సెకన్లు! కక్ష్యకి మాత్రం 7.8 కావాలి. వేగంలో 23 శాతం వచ్చినట్టే, కానీ గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి శక్తిలో వచ్చింది 5 శాతమే. మాక్ 6 దగ్గర గాలి పీల్చడం ఆపితే మిగతా 95 శాతం మళ్లీ రాకెట్టే ఇవ్వాలి.

ట్యాంకుల సంగతి చూడండి. ద్రవ హైడ్రోజన్ ఘనపు మీటరుకి 71 కిలోలే, ఆక్సిజన్ 1,141. కిలో హైడ్రోజన్‌కి 14 లీటర్లు పడితే, దానికి జతగా వెళ్లే 6 కిలోల ఆక్సిజన్ 5.3 లీటర్లలో సర్దుకుంటుంది. ఆక్సిజన్ మొత్తం తీసేసినా వాహనం పరిమాణం పావు వంతుకి కాస్త ఎక్కువే తగ్గుతుంది. పైగా ఆక్సిజన్ చవక.

రాకెట్ దట్టమైన గాలిని రెండు మూడు నిమిషాల్లో దాటేస్తుంది. స్క్రామ్‌జెట్‌కి ఆ గాలే ఊపిరి, అందులోనే ఉండి వేగం పెంచుకోవాలి. మాక్ 6 దగ్గర ఇన్‌లెట్‌లో (గాలి లోపలికి వచ్చే ద్వారంలో) ఆగిన గాలి 1,400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దహన గదిలో గాలి ఉండేది మిల్లీసెకను లెక్కలో. ఇంధనం కలవడం, అంటుకోవడం, కాలడం అంతా ఆలోపే. లోపల పీడనం ఎక్కువైతే షాక్ తరంగం (వేగంగా వచ్చే గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయే పొర) ఇన్‌లెట్ బయటికి వచ్చేస్తుంది. దీన్నే అన్‌స్టార్ట్ అంటారు. 2011 జూన్‌లో అమెరికా ప్రయోగాత్మక స్క్రామ్‌జెట్ వాహనం ఎక్స్-51ఏ పోయింది ఇలాగే, ఇథిలీన్ మంట నుంచి జేపీ-7 ఇంధనానికి మారేటప్పుడు.

నిలబడి ఉన్న వాహనాన్ని కదిలించడం స్క్రామ్‌జెట్ వల్ల కాదు. 2016 ఆగస్టు 28న శ్రీహరికోటలో ఇస్రో పరీక్షకి కూడా ఘన ఇంధన బూస్టరే మాక్ 6 దాకా తీసుకెళ్లింది, స్క్రామ్‌జెట్లు 5 సెకన్లు మండాయి. అంటే కక్ష్యకి వెళ్లే వాహనంలో కింద బూస్టరు, మధ్యలో ఇది, పైన రాకెట్టు. మూడింటి బరువూ మోయాలి.

గాలిలోనే ప్రయాణం ముగిసే పనికైతే ఇది సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్‌లోని క్షిపణి పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో స్క్రామ్‌జెట్ దహన గదిని నేల మీద 1,000 సెకన్లకి పైగా మండించింది క్రూయిజ్ క్షిపణుల కోసమే.