జివ్వుమనే వేళ్లు, మామూలుగా వచ్చిన రిపోర్టులు

పెదవుల చుట్టూ సన్నటి తిమ్మిరి. వేళ్ల చివర జివ్వుమనడం. పిక్కలో లోపల్నుంచి ఎవరో గిల్లుతున్నట్టు కండ అదరడం. అరికాల్లో కాసేపు మంట, కాసేపు చల్లదనం. నాకివన్నీ ఉండేవి, ఇప్పటికీ అప్పుడప్పుడూ తొంగి చూస్తాయి. పర్లాకిమిడిలో, అటు పాతపట్నంలో, వీటన్నిటికీ ఒకటే పేరు: నరాల వీక్‌నెస్సు. ఆ మాట చెవిన పడగానే మందుల కొట్లో అబ్బాయి "బలానికి రాయమంటారా బాబూ" అంటూ ఎర్ర మాత్రల అట్ట తీసేస్తాడు. ఇవి బెంగ వల్ల వచ్చినప్పుడు నరాలు బలహీనపడటం లేదు, అవసరం లేనిచోట మరీ చురుగ్గా మోగుతున్నాయి. ఈ తేడా తెలీక డబ్బూ నిద్రా రెండూ పోతాయి.

ఏం జరుగుతుందో ముందు చెప్తాను. బెంగ ఉన్న మనిషి ఊపిరి పైపైన ఆడుతుంది. ఆయాసం కనపడాల్సిన పని లేదు. మాటిమాటికీ నిట్టూర్పు, ఆవలింత, మాట మధ్యలో గుక్క తీసుకోవడం, ఇవి చాలు. ఒంటికి కావలసినదానికంటే ఎక్కువ గాలి ఆడేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. మామూలుగా అది (పాదరసం ఒత్తిడి లెక్కలో) 35 నుంచి 45 మి.మీ. మధ్య ఉండాలి. అది పడిపోతే రక్తానికి క్షార గుణం పెరుగుతుంది, అప్పటిదాకా విడిగా తిరిగే కాల్షియంలో కొంత వెళ్లి ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. నరాల్ని అదుపులో పెట్టేది ఆ విడి కాల్షియమే. అది తగ్గితే నరం చిన్న సాకుకే మోగుతుంది. స్పర్శ నరాలు కిక్కిరిసి ఉండే పెదవులూ వేలి కొసలూ ముందు జివ్వుమంటాయి. ల్యాబులో చూసే మొత్తం కాల్షియం మాత్రం సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఉన్నది ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. అందుకే బాధ నిజం, రిపోర్టూ నిజం.

ఇదే ముదిరితే మణికట్టు వంగి, వేళ్లన్నీ ముడుచుకుని, బొటనవేలు లోపలికి పోతుంది. వైద్యులు దీన్ని కాన్పు చేసే చేతితో పోలుస్తారు. చూసినవాళ్లు పక్షవాతం అనుకుని హడలిపోతారు. ఊపిరి నెమ్మదించాక నిమిషాల్లో విడిపోతుంది. తల తేలిపోయినట్టుండటం మెదడు రక్తనాళాలు కాస్త బిగుసుకోవడం వల్ల. చేతులు చల్లబడటం అడ్రినలిన్ చర్మంలోని రక్తనాళాల్ని ముడవడం వల్ల. మెడా భుజాలూ బిగపట్టి రోజంతా కూర్చుంటే చేతిలోకి లాగుడూ తోడవుతుంది.

అలాగని తిమ్మిరి అనగానే టెన్షన్ అని తేల్చేయడం కూడా తప్పే. ఒక్కసారి, సరిగ్గా పరీక్ష చేయించుకోవాలి. ఒక్కసారి అన్నానంటే ఒక్కసారే.

డాక్టరుకి మొదట కావలసింది మచ్చ గురించో మంట గురించో కాదు, తిమ్మిరి ఉన్న చోటు. షుగరు వల్ల వచ్చే నరాల జబ్బు రెండు కాళ్ల వేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు నెమ్మదిగా పైకి పాకుతుంది. చిటికెన వేలూ, దాని పక్క వేలులో సగమూ తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు రాత్రిపూట మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే సర్దుకుంటే మణికట్టు దగ్గర నొక్కుడు. రోజంతా జీడిపిక్కలు కొట్టే చేతులకూ, కుట్టుపని చేసే చేతులకూ అది ఎక్కువ. తొడ బయటివైపు అరచేయంత మేర మంటగా ఉంటే బిగుతు బెల్టూ, పెరిగిన పొట్టా కారణం కావచ్చు. బెంగ తిమ్మిరి ఇలా ఒక గీతలో నడవదు. పొద్దున పెదవి, మధ్యాహ్నం ఎడమ అరికాలు, సాయంత్రం నడినెత్తి. పనిలో మునిగితే మాయం, మంచం ఎక్కగానే ప్రత్యక్షం.

మన ప్రాంతంలో ఇంకోటి మర్చిపోకూడదు: కుష్ఠు. ఒడిశాలో ఇంకా కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. పాలిపోయినదో ఎర్రబారినదో మచ్చ ఉండి, దాని మీద దూదిపోగు ఆడించినా తెలీకపోతే, దురద కూడా లేకపోతే, సర్కారు ఆసుపత్రిలో చూపించాలి. మందు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది. సిగ్గుపడి దాచుకుంటే పోయేది చేతివేళ్లే.

రక్తపరీక్షలు పెద్ద జాబితా ఏమీ కాదు. పరగడుపు షుగరు (126 గానీ ఆపైన గానీ వస్తే షుగరే, ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు, 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగరే), థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), విటమిన్ బి12. ఇందులో ఎక్కువమంది పాడుచేసుకునేది బి12నే. ముందు సూది వేయించుకుని తర్వాత రక్తం ఇస్తారు, రిపోర్టులో అంకె ఆకాశంలో ఉంటుంది, అసలు లోటు ఉందో లేదో ఇక తెలీదు. రక్తం ఇచ్చాకే సూది. 200 పికోగ్రాముల లోపైతే లోటే. 200, 300 మధ్యన ఉంటే డాక్టరు ఇంకో పరీక్ష అడగొచ్చు. శాకాహారులకూ, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకూ ఈ లోటు మామూలే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగుతుంటే థైరాయిడ్ లెక్క తప్పుతుంది, రెండు మూడు రోజుల ముందే ఆపాలి. టీబీ మందులు వాడుతుంటే, సారా అలవాటుంటే దాచకుండా చెప్పాలి, రెండూ నరాల్ని దెబ్బతీస్తాయి. బలం మాత్రలు కూడా అంత అమాయకమైనవి కావు. బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే అదే తిమ్మిరి తెచ్చిపెడుతుంది.

వెన్నుపూస ఎంఆర్‌ఐ గురించి ఒక మాట. ఏ బాధా లేని మనిషికి తీసినా, వయసు మీద పడేకొద్దీ డిస్కు ఉబ్బినట్టు రిపోర్టులో రావడం సాధారణం. ఆ వాక్యం చదివాక కొత్త తిమ్మిర్లు పుడతాయి. డాక్టరు పరీక్షించి అడిగితేనే తీయించుకోండి.

ఆగకుండా పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి. ఒక్కసారిగా ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడటం, మూతి వంకర, మాట ముద్దగా రావడం. వెంటనే 108. రక్తపు గడ్డ కరిగించే మందుని, ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కాళ్ల దగ్గర మొదలైన బలహీనత రోజురోజుకీ పైకెక్కడం, మలమూత్రాల మీద పట్టు తప్పడం, కూర్చునే చోట మొద్దుబారడం కూడా అంతే. బలం తగ్గడం, తిమ్మిరి రెండూ ఒకటి కాదు. మడమల మీద, మునివేళ్ల మీద పది అడుగులు నడవగలుగుతున్నారా, చెంబు జారిపోకుండా పట్టుకోగలుగుతున్నారా, అదీ చూసుకోవాల్సింది.

డాక్టరు ముందు చాలామంది "న్యూరో ప్రాబ్లం సార్" అంటారు. వాడుక మాట కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడిన పర్లాకిమిడి మనది, మనకెందుకా తిప్పలు. చీమలు పాకినట్టుందా, సూదులు గుచ్చినట్టుందా, మిరపకాయ రాసినట్టుందా, మొద్దుగా ఉందా, ఉన్నదున్నట్టు చెప్పాలి. బరంపురంలో ఒడియా డాక్టరైతే తిమ్మిరిని ఝిమ్‌ఝిమ్ అనండి, అర్థమైపోతుంది. మొద్దుబారడాన్ని మాత్రం తిమ్మిరిలో కలిపేయకండి, ఆయనకి అవి రెండు వేర్వేరు దారులు.

పరీక్షలు అయ్యాయి, ఏమీ లేదన్నారు. అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

ఊపిరి. "గట్టిగా ఊపిరి తీసుకో" అని ఇంట్లోవాళ్లు చెప్పే సలహా సరిగ్గా తప్పు. గట్టిగా తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పోతుంది, తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. చాప మీద వెల్లకిలా పడుకుని బొడ్డు మీద ఒక పుస్తకం పెట్టుకోండి. ముక్కుతో, చప్పుడు లేకుండా, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు తీసుకోవాలి. పుస్తకం లేవాలి, గుండె మీద పెట్టిన చెయ్యి కదలకూడదు. ఆరు అంకెల సేపు వదలాలి, పెదవులు కాస్త ముడిచి. పొయ్యి ఊదినట్టు కాదు, వేడి టీ చల్లార్చుకున్నట్టు. అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. మొదటి వారం రెండేసి నిమిషాలు, తర్వాత పొద్దునా సాయంత్రం ఐదేసి. మొదట్లో గాలి చాలనట్టు అనిపిస్తుంది. తక్కువ కార్బన్ డయాక్సైడ్‌కి అలవాటుపడిన ఒళ్లు మారాం చేయడం అది, ప్రమాదం కాదు. నాలుగు ఎక్కువనిపిస్తే మూడు, నాలుగు చేసుకోండి. బాగున్నప్పుడు రోజూ చేసినవాళ్లకే బాధ వచ్చినప్పుడు పనికొస్తుంది. కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కా వద్దు. అది ఉబ్బసమో గుండెపోటో అయితే ఆక్సిజన్ తగ్గి ప్రాణం మీదికొస్తుంది.

ఒళ్లు వదులు చేసే పద్ధతి ఒకటుంది. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ దాదాపు వందేళ్ల కిందట రూపొందించినది. పిడికిలి ఐదారు సెకన్లు బిగించి ఒక్కసారి వదిలేసి, ఇరవై సెకన్లు ఆ వదులుని గమనించాలి. తర్వాత ముంజేయి, భుజాలు చెవులదాకా ఎత్తి వదలడం, దవడ, పొట్ట, తొడలు, పిక్కలు. పిక్కలు మరీ బిగించకండి, కొంకర్లు పోతాయి. కండ అదిరే బాధకి ఇది బాగా పనిచేస్తుంది, టీ తగ్గించడం ఇంకా బాగా. పొద్దుట్నుంచి ఆరు గ్లాసుల డికాక్షన్ టీ తాగి కనురెప్ప కొట్టుకుంటోందని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లడం నాకు తెలిసిన పొరపాటే.

అన్నిటికంటే కష్టమైంది వెతుక్కోవడం మానడం. లేవగానే కాలివేళ్లు ఆడించి చూడటం, గుండుసూదితో గుచ్చుకోవడం, ఫోన్లో జబ్బుల పేర్లు వెతకడం. ధ్యాస పెట్టిన చోట సంకేతం పెద్దదవుతుంది. ఇప్పుడు మీ ఎడమ చెవి అంచు మీద ఒక నిమిషం ధ్యాస పెట్టి చూడండి, ఏదో ఒకటి తగులుతుంది. ఒక్కరోజులో మానలేం. రోజుకి ఇరవైసార్లు చూసుకునేది పదికి, తర్వాత మూడుకి దించాలి. బెంగకి ఒక వేళ పెట్టండి, సాయంత్రం ఆరింటికి పదిహేను నిమిషాలు. మధ్యలో వచ్చిన భయాన్ని కాగితం మీద రాసి ఆ వేళకి వాయిదా వేయాలి. పడుకునే ముందు మాత్రం ఆ వేళ పెట్టొద్దు.

రెండు మూడు నెలలైనా పని దెబ్బతింటుంటే మందు తీసుకోవడంలో నామోషీ లేదు. ఎసిటాలోప్రామ్ లాంటివి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పదిరోజులు దడ, జివ్వుమనడం పెరగొచ్చు, చాలామంది అక్కడే ఆపేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. హఠాత్తుగా మానితే తలలో కరెంటు కొట్టినట్టవుతుంది, మెల్లగా దించాలి. ఆల్‌ప్రజోలామ్, క్లోనజిపామ్ వెంటనే హాయినిస్తాయి, అంతే త్వరగా అలవాటవుతాయి. వాటిని చీటీ లేకుండా కొట్లో కొనకండి. మనోవైద్యుల దగ్గరికి వెళ్లే వీలు లేనివాళ్లకి టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, గంట, ఎక్కడ, ఎంతసేపు, అంతకుముందు అరగంటలో ఏం చేస్తున్నాం. ఐదో గడి ముఖ్యం. నా పుస్తకంలో అది నింపేసరికి ఫోన్లు, నిద్రలేమి, బ్యాంకు పనులు వరసగా కనపడ్డాయి, నరాలు కనపడలేదు. రోజుకి రెండు వరుసలు మించి రాయొద్దు, లేకపోతే అదే ఇంకో వెతుకులాట అవుతుంది.

బయట, రైల్లోనో బస్సులోనో ఉన్నప్పుడు వస్తే లేచి దిగిపోకండి. దిగిపోతే ఒళ్లు ఆ చోటునే ప్రమాదంగా గుర్తుపెట్టుకుంటుంది. గుణుపురం ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని, చెయ్యి పొట్ట మీద వేసుకుని, నాలుగు లోపలికి, ఆరు బయటికి. పక్కవాళ్లకి నిద్రపోతున్నట్టే కనపడతారు.