గ్రహాల పట్టికలో ‘కారణం’ గడి: నా ప్రిపరేషన్ అనుభవం

పోటీ పరీక్ష ఫలితాలు వచ్చినప్పటి నుంచి మిత్రులు జనరల్ సైన్స్ ఎలా చదివావని అడుగుతున్నారు. సిలబస్ మీకు తెలిసిందే కనుక, నా చదువు తీరును మార్చిన సౌరకుటుంబం అధ్యాయం గురించే రాస్తున్నాను.

ఏ గైడు తెరిచినా గ్రహాల పట్టికలో దూరం, భ్రమణ కాలం (తన చుట్టూ తాను ఒకసారి తిరిగే సమయం), పరిభ్రమణ కాలం (సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగే సమయం), ఉపగ్రహాలు ఉంటాయి. నేను ఆ పట్టికను నోట్సులోకి ఎక్కించుకుంటూ చివర ‘కారణం’ అనే గడి అదనంగా గీసుకున్నాను. సూర్యుడికి అతి దగ్గరగా ఉన్న బుధుడిని కాదని శుక్రుడు అత్యంత వేడి గ్రహం ఎందుకయ్యాడన్నది అందులో మొదట రాసిన విషయం. బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణం లేనందున పగలు 430 డిగ్రీల సెల్సియస్ దాకా కాగిన నేల రాత్రికి మైనస్ 180కి పడిపోతుంది; శుక్రుడిపై మాత్రం భూమి కంటే దాదాపు 90 రెట్ల పీడనంతో కమ్ముకున్న కార్బన్ డయాక్సైడ్ వేడిని బయటకు పోనివ్వదు కనుక రాత్రింబవళ్లు సుమారు 465 డిగ్రీలే. ఈ ఒక్క కారణం తెలిస్తే వాతావరణం, ఉష్ణోగ్రత, గ్రీన్‌హౌస్ ప్రభావం మీద వచ్చే స్టేట్‌మెంట్ ప్రశ్నలన్నీ ఒకే చోట తేలిపోతాయి.

‘శుక్రుడిపై రోజు ఏడాది కంటే పెద్దది’ అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. భ్రమణానికి 243 రోజులు, పరిభ్రమణానికి 225 రోజులు పడుతుంది కాబట్టి ఆ లెక్కన వాక్యం సరైనదే; కానీ శుక్రుడు తూర్పు నుంచి పడమరకు తిరుగుతున్నందున ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి పట్టేది సుమారు 117 రోజులే. ప్రశ్నలో అడిగింది ఏ రోజు అన్నది చూడకుండా ఆప్షన్ పెడితే నెగెటివ్ మార్కు తప్పదు.

మిగిలినవి త్వరగానే పూర్తయ్యాయి: పది గంటల లోపే తన చుట్టూ తాను తిరిగే బృహస్పతి, నీటి కంటే తక్కువ సాంద్రత గల శని, 98 డిగ్రీలు ఒరిగిన యురేనస్, గణిత అంచనాల ఆధారంగా 1846లో దొరికిన నెప్ట్యూన్. ప్లూటో విషయంలో అది గ్రహ హోదా కోల్పోయిన 2006 అనే సంవత్సరం కంటే, తన కక్ష్యా పరిసరాలను ఖాళీ చేసుకోలేదన్న కారణమే ముఖ్యం.

ఒకటి రెండు మార్కుల కోసం ఇంత సమయమా అని అన్నవారున్నారు. కారణంతో చదివినది పరీక్ష హాలులో చెదరలేదు కనుక ఆ సమయం వృథా అని నేను ఒప్పుకోను. ఉపగ్రహాల సంఖ్యలను మాత్రం పెన్సిల్‌తో రాసుకోండి. 2025 మార్చిలో ఒక్కసారే 128 చేరి శని సంఖ్య 274 అయింది.