ఇంట్లో ఎవరికీ రాని భాషలో ఒకటో తరగతి

మేం ఉండేది కెనడాలో, ఒట్టావాలో. ఈ ఊళ్ళో చాలా బోర్డులు ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండు భాషల్లోనూ ఉంటాయి, గవర్నమెంటు ఉద్యోగాలకు ఫ్రెంచ్ వస్తే మంచిదంటారు. తెలిసినవాళ్ళంతా పిల్లల్ని ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో, అంటే పాఠాలు చాలావరకు ఫ్రెంచ్‌లోనే చెప్పే క్లాసుల్లో, వేస్తుంటే మా అమ్మాయిని కూడా వేశాం. అంతకు మించి ఆలోచించలేదు. మా ఆయనకీ నాకూ ఫ్రెంచ్‌లో ఒక్క ముక్క రాదు.

మొదటి వారం రోజూ టెన్షనే. టీచరుని పిల్లలు పేరు పెట్టి పిలవరు, ఉత్త 'మదామ్'. ఆవిడ క్లాసులో ఇంగ్లీషు ముక్క మాట్లాడదు. చేతులు తిప్పుతూ, బొమ్మలు చూపిస్తూ అంతా ఫ్రెంచ్‌లోనే నడిపిస్తుంది. మా పిల్ల తడుముకోకుండా చెప్పిన మొదటి పూర్తి వాక్యం 'ఎస్క జ ప అలే ఓ త్వాలెత్?' అంటే, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చా అని. ఆ క్లాసులో ఎవరికైనా ముందు వచ్చేది అదేనట. అవసరం అలాంటిది మరి.

క్లాసులో పొద్దున్నే కార్పెట్ మీద కూర్చోబెట్టి క్యాలెండరు చూపిస్తారు. ఈరోజు ఏ వారం, ఎన్నో తారీకు, బయట ఎండా మంచా. రోజుకొకరు లేచి చెప్పాలి. తన వంతు ముందురోజు రాత్రి మా అమ్మాయి వారాలు తప్పుతూ కూర్చుంటే నేనూ పక్కన కూర్చున్నాను. లఁది, మార్ది, మెర్‌క్రది... నాలుగోసారి వింటుండగా వెలిగింది. లఁదిలో ఉన్నది చంద్రుడు, మార్దిలో కుజుడు, మెర్‌క్రదిలో బుధుడు, జూదిలో గురుడు, వాఁద్రదిలో శుక్రుడు. మన సోమ, మంగళ, బుధ, గురు, శుక్రవారాలే! ఇంగ్లీషు పేర్లతో తంటాలు పడుతున్న పిల్లకి తెలుగు వారాలు పక్కన పెట్టి చెబితే పది నిమిషాల్లో వచ్చేశాయి. శని, ఆదివారాలు మాత్రం కలవలేదు, వాటి పేర్లు మతం నుంచి వచ్చాయట. ఎలాగూ ఆ రెండు రోజులూ బడి లేదు.

చలికాలం వచ్చాక అసలు చదువు కోటు తగిలించుకునే కొక్కేల దగ్గర జరిగింది. ముందు మంచు ప్యాంటు, తర్వాత బూట్లు, కోటు, టోపీ, ఆఖరున చేతి తొడుగులు. 'పాఁతలోఁ ద నెజ్, బొత్, మాఁతో, త్యూక్, మితెన్' అని రాగం తీస్తూ పిల్లలంతా వరసగా వేసుకుంటారు. ఒక శనివారం మా ఆయన తొడుగులు ముందే వేసేసుకుని కోటు జిప్పు పెట్టుకోలేక తిప్పలు పడుతుంటే, ఇది నడుం మీద చెయ్యేసి, "నాన్నా, మితెన్ ఆఖరున! మదామ్ అయితే అన్నీ తీసి మళ్ళీ మొదట్నుంచి వేసుకోమంటుంది" అంది. తీసి, మళ్ళీ వేసుకున్నాడు.

ఆ మాటలు నేను ఫ్రిజ్ మీద తెలుగులో రాసి పెట్టుకునేదాన్ని. ముక్కుతో పలికే శబ్దాలకు అరసున్న ఎంత పనికొచ్చిందో చెప్పలేను. 'బాన్‌జూర్' అని నేనంటే "అమ్మా, అక్కడ న్ లేదు" అని పిల్ల విసుక్కునేది. 'బోఁజూర్' అని రాసుకున్నాక నా నోరు తిరిగింది. కాకినాడలో ఉన్న మా నాన్నగారికి వీడియో కాల్‌లో చూపిస్తే, తెలుగు మాస్టారుగా రిటైరైన మనిషి, తెగ మురిసిపోయారు. "మనం వదిలేసిన అరసున్న ఫ్రెంచివాళ్ళకి అక్కరకొచ్చిందే!" అన్నారు. పక్కనున్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది కదా, ఆ కబుర్లు అరగంట సాగాయి.

తప్పు చేసింది నేనే. వారానికో పదాల కాగితం ఇంటికి వచ్చేది. సాయం చేద్దామని కూర్చుని, ఉన్న అక్షరాలు ఉన్నట్టు చదివి వల్లె వేయించాను. 'పెటిట్', 'గ్రాండ్' అని. చివరి అక్షరాలు చాలాసార్లు పలకరని నాకేం తెలుసు? క్లాసులో 'పతి' అని అందరూ అంటుంటే మా పిల్ల ఒక్కతే 'పెటిట్' అందట. మదామ్ నన్ను పిలిచి నవ్వుతూనే చెప్పింది: "ఫ్రెంచ్ నాకు వదిలెయ్యండి. ఇంట్లో మీ భాషలో కథలు చదవండి, బాగా మాట్లాడించండి. కథ ఎలా నడుస్తుందో ఒక భాషలో తెలిస్తే రెండోదానికీ పనికొస్తుంది."

ఈ పద్ధతి 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి మొదలుపెట్టించిందని తర్వాత తెలిసింది. అంటే ఇంట్లో ఫ్రెంచ్ లేని పిల్లల కోసమే పుట్టిందన్నమాట. ముందే తెలిస్తే కొన్ని రాత్రులు నిద్రపోయేదాన్ని.

బడి మొదలై నూరో రోజు ఫిబ్రవరిలో వచ్చింది. ఇంటి నుంచి వంద వస్తువులు పట్టుకెళ్ళాలి. వామనగుంటల కోసం ఇండియా నుంచి తెచ్చుకున్న చింతపిక్కలు బయటికి తీశాను. పదేసి చొప్పున పోగులు పెడుతూ అరవై దాకా బాగానే లెక్కపెట్టింది. డెబ్భైకి 'స్వాసాఁత్ దిస్', అరవై పది అంది. ఎనభై దగ్గర ఉన్న పోగులన్నీ కలిపేసి ఇరవయ్యేసి చొప్పున నాలుగు పెట్టింది. "ఏంటే ఇది?" అంటే, "కాత్ర వఁ. నాలుగిరవైలు" అంది. తొంభై తొమ్మిదికి 'నాలుగిరవైల పంతొమ్మిది' అనాలి! ఎనభై అని ఒక్క మాటలో తేల్చేసిన మనవాళ్ళకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఏప్రిల్‌కల్లా పుస్తకం గడగడా చదివేస్తోంది. పొంగిపోయి వీడియో తీసి ఇండియాకి పంపాను. ఒకరోజు ఊరికే "ఇప్పుడు చదివిందానికి అర్థమేంటి?" అంటే దిక్కులు చూసింది. సగం తెలియదు, శబ్దం మాత్రం పట్టేసింది. అప్పట్నుంచి వీడియోలు మానేసి, ప్రతి పేజీ దగ్గరా ఆపి కథ తెలుగులో చెప్పమంటున్నాను. మొదట్లో ఏడుపే. జూన్‌లో బడి మూసే ముందు ఒక రాత్రి పేజీ చివర ఆపి, "ఏమైందట?" అన్నాను.

"కుందేలు సంచీలో దూరిందట."

"ఎందుకూ?"

"అది ఈ పేజీలో లేదమ్మా. చెయ్యి తియ్యి, తిప్పాలి."